ఏకాంతవాసులు ఒక్క తీరువారు కారు

ఊరిలో ఒకడు కొంతకాలముగా వాకిలి దాటి రాకున్నాడనుకొందము. పెండ్లికి రాడు, చావునకు రాడు, నలుగురు కూర్చుండు అరుగుమీదికి రాడు. పలుకరించినచో తల వంచుకొని అర్రలోనికి పోవును. అట్టివానికి పేరు పెట్టుటకు ఊరికి ఎంతోకాలము పట్టదు. ఒకరు సోమరి యందురు. ఒకరు పిచ్చి యందురు. ఒకరు గాలి సోకినదందురు. ఒకరు పొగరనియు, వేరొకరు వైరాగ్యమనియు చెప్పుదురు. ఈ పేర్లలో ప్రతియొకటియు ఒక తీర్పే. విచారణ జరుగకమునుపే వెలువడిన తీర్పు.

జనులకు దూరముగా ఉండువారందరు ఒక్క తీరువారు కారని చరిత్ర చెప్పుచున్నది. వారినందరిని ఒక్క గంపలో వేసిన సంఘము వారికి కీడు చేయుటయే గాక, తానును నష్టపడినది. ఈ చరిత్ర మన గోదావరి యొడ్డుననే మొదలగుచున్నది. దాని యిటీవలి అధ్యాయము దూరదేశమైన జపానులో వ్రాయబడినది. ఈ రెంటిని చేర్చి చూచినచో, మన సారంగాపూరు వంటి గ్రామములలోని పెద్దలకు పనికివచ్చు సంగతి యొకటి తేటపడును.

మొదట మన నదియొడ్డు కథ. పాళీభాషలోనున్న సుత్తనిపాతమను బౌద్ధగ్రంథమున బావరి యను బ్రాహ్మణుని వృత్తాంతము కలదు. ఆయన కోసలదేశపు నగరమును విడిచి దక్షిణాపథమునకు వచ్చి, అశ్మకదేశమున గోదావరి తీరమందు ఆశ్రమము కట్టుకొనెను. మనకు ఎగువన, నిర్మల జిల్లా ఖానాపూరు చెంత, నదీగర్భమందలి దీవిగానున్న బాదనకుర్తియే ఆ చోటని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. బావరి ఏరిన గింజలతోను, పండ్లతోను కాలము గడుపుచుండెను. ఇంతవరకు విన్నచో ఆయన లోకమును పూర్తిగా విడిచినవాడని తోచును. కాని ఆ గ్రంథమే ఆశ్రమము చెంత పెద్ద గ్రామము ఒకటి ఉండెననియు, దానినుండి వచ్చిన ఆదాయముతో బావరి మహాయజ్ఞము చేసెననియు చెప్పుచున్నది. ఆయన చుట్టు పదునార్గురు ప్రధానశిష్యులుండిరి. వారిలో ఒక్కొక్కరికి మరల శిష్యగణములుండెను. అడవిలో నున్నను ఆయన ఒంటరివాడు కాడు.

ఈ కథలో అసలు గమనింపదగినది యజ్ఞము ముగిసిన తరువాత జరిగినది. ఒక బ్రాహ్మణుడు వచ్చి ఐదువందల నాణెములు యాచించెను. ఉన్నదంతయు యజ్ఞమున వెచ్చించిన బావరి యొద్ద ఇచ్చుటకేమియు లేదు. ఇయ్యనిచో ఏడవనాటికి నీ తల ఏడు వ్రక్కలగునని యాతడు శపించిపోయెను. బావరి భయపడెను, అన్నము ముట్టలేదు, కృశించిపోయెను, ధ్యానమున మనస్సు నిలువలేదు.

పెద్దలారా, ఇప్పుడు ఆ ఆశ్రమమును దూరమునుండి చూచినవానికి ఏమి కనబడును? నిన్నటివరకు కుటీరములో ఒక వృద్ధుడు మౌనముగా కూర్చుండెను. నేడును ఆ కుటీరములోనే ఆ వృద్ధుడే మౌనముగా కూర్చున్నాడు. మనిషి మారలేదు, చోటు మారలేదు, మౌనము మారలేదు. కాని నిన్నటి మౌనము ఆయన కోరి తెచ్చుకొన్నది. నేటి మౌనము ఆయనను మింగుచున్నది. వెలుపలనుండి చూచి ఈ భేదము కనుగొనుట అసాధ్యము. ఆ కథలో ఒక దేవత వచ్చి, ఆ శపించినవానికి ఏమియు తెలియదని ధైర్యము చెప్పెను. పిమ్మట బావరి తన శిష్యులను బుద్ధుని కడకు పంపెను. వారిలో పింగియుడను ముదుసలి మరలివచ్చి తాను వినినదంతయు గురువునకు విన్నవించెను. ఆయనకు మేలు చేసినది ఏమి? ఒకరు వచ్చి మాటలాడుట, ఒకరు బయలుదేరి వెళ్లుట, ఒకరు తిరిగివచ్చుట.

మన ప్రాంతమున తరువాతి శతాబ్దములలో వచ్చిన భిక్షువుల సంగతియు, జైనమునుల సంగతియు ఇట్టిదే. పెద్దపల్లి సీమలోని ధూళికట్టయందు బౌద్ధస్తూపము త్రవ్వకములలో బయల్పడినది. ఆ స్తూపము కోటగోడలు గల ప్రాచీనపట్టణమునకు చేరువననే యున్నది. పెద్దవాగు గోదావరిలో కలియుచోటనున్న కోటిలింగాల శాతవాహనుల నాటి నాణెములకు ప్రసిద్ధి చెందినది; అది సరకులు చేతులు మారిన ఊరు. దానికి దాపుననే మునులగుట్ట యని పిలువబడు గుట్ట కలదు. అచటి రాతిగుహలు జైనమునుల నివాసములని పరిశోధకులు చెప్పుదురు. లోకమును విడిచినవారు లోకమునకు కనుచూపుమేరలోనే ఎందులకుండిరి? భిక్షాపాత్ర నిండవలెనన్న పొయ్యి రాజవేసిన యిల్లు నడకదూరమున నుండవలెను. బౌద్ధభిక్షువులు వానకాలమున మూడు నెలలు ఒక్కచోటనే యుండు నియమము గలవారు. ఆ మూడు నెలలు వారిని పోషించినవారు కాపులు, వర్తకులు, వృత్తులవారు. బదులుగా భిక్షువులు వారికి ధర్మము చెప్పిరి. కాబట్టి వారి ఏకాంతమునకును ఊరికిని నడుమ ఒక కాలిబాట ఎల్లప్పుడు నలిగియుండెను.

ఆ బాట ఎట్టిదో రాతిమీద వ్రాసిచూపిన సాక్ష్యము కరీంనగరు జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల చెంత బొమ్మలగుట్టమీద నేటికిని కలదు. క్రీ.శ. 945 ప్రాంతమున జినవల్లభుడు అచట జినబింబములను, చక్రేశ్వరీమూర్తిని చెక్కించి శాసనము వ్రాయించెను. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానమున కన్నడ మహాకవియైన పంపనికి ఈయన తమ్ముడు. శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నున్నది. అందలి తెలుగు కందపద్యములు మన పద్యసాహిత్యమునకు అతిప్రాచీన నిదర్శనములుగా పేరొందినవి. జినవల్లభుడు కొండమీద బసదిని నిలిపి ఊరకుండలేదు. కవితాగుణార్ణవమను చెరువును, మదనవిలాసమను తోటను కూడ ఏర్పరచెను. కొండమీద మౌనముగా కూర్చుండువారి కొరకు ఒక గృహస్థుడు ఇంత సమకూర్చెను. చెరువునకు పశువులు వచ్చును, మనుష్యులు వచ్చెదరు. కొండక్రింద ఊరి జీవితము ఎన్నడును ఆగలేదు.

ఆ కాలమునందే అదే సీమలో సోమదేవసూరి యను జైనముని యుండెను. ఆయన యశస్తిలకచంపువును 959లో గంగాధరయందు ముగించెను. మూడవ అరికేసరి 966లో వేములవాడయందలి శుభధామ జినాలయము నిమిత్తము ఆయనకు గ్రామదానము చేసెను. ఇల్లు, భార్య, బిడ్డలు, ఆస్తి ఏమియు లేని ఈ ముని వ్రాసిన మరియొక గ్రంథము పేరు నీతివాక్యామృతము. అది మోక్షశాస్త్రము కాదు. రాజు మంత్రులను ఎట్లు ఏర్పరచుకొనవలెను, బొక్కసమును ఎట్లు నింపవలెను, శత్రువుతో ఎట్లు మెలగవలెను అను రాజనీతిశాస్త్రము. సన్న్యాసి యనగానే లోకజ్ఞానము లేనివాడని తలచువారికి ఇంతకంటె మంచి జవాబు అక్కరలేదు.

ఇంతవరకు చెప్పినవారు తమంత తాము దూరమైనవారు. దూరముగా నెట్టబడినవారి సంగతి వేరు. ఈ భాగమును దాచిపెట్టి మన పూర్వులను పొగడుకొనుట న్యాయము కాదు.

బాల్యముననే భర్తను కోల్పోయిన బాలికలను ఇంటిలో ఒక మూల కూర్చుండబెట్టి, శుభకార్యములకు రానీయక, తల గొరిగించి, దానికి ధర్మమని పేరు పెట్టిన కాలము తెలుగుదేశమున చాల దీర్ఘమైనది. ఆమె బయటికి రాకుండుటను చూచి ‘ఎంత వైరాగ్యము!’ అని మెచ్చుకొన్నవారును ఉండిరి. అది వైరాగ్యము కాదు, బంధనము. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. మూల కూర్చున్నవారందరు కోరి కూర్చున్నవారు కారని లోకమునకు ఆనాడు వెల్లడియైనది.

అయితే ఆ నిర్బంధములోనుండియే వేరొక దారి తీసినవారును ఉండిరి. పదునెనిమిదవ శతాబ్దమున చిత్తూరు సీమలోని తరిగొండయందు పుట్టిన వెంగమాంబ బాలవితంతువు. శిరోముండనమునకు ఆమె ఒప్పుకొనలేదని ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఊరివారి మాటలు పడలేక తిరుమలకు చేరెను. అచట తుంబురుకోనలో ఏకాంతముగా తపస్సు చేసెననియు ప్రతీతి. కాని ఆమె కృతులు చూడుడు: వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, యక్షగానములు. కొండకు వచ్చిన యాత్రికులకు అన్నము పెట్టించిన తల్లిగా ఆమెను జనులు తలచుచున్నారు. నేటికిని తిరుమలలో వేలాది భక్తులు భుజించు అన్నప్రసాదశాల ఆమె పేరనే యున్నది. ఒక్క స్త్రీ జీవితములోనే నిర్బంధము, ఏకాంతము, లోకసేవ మూడును ఇమిడియుండుట చూచితిరి కదా! ఆమెకు ఏ ఒక్క పేరు పెట్టినను చాలదు.

రోగము మూలమున వెలివేయబడినవారు మరియొక తెగ. కుష్ఠురోగులను ఊరివెలుపల ఉంచుట మన దేశమంతట నుండిన ఆచారము. మనకు పడమటనున్న నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915 ప్రాంతమున ఇసబెల్ కెర్ అను వైద్యురాలు వారికొరకు ఆసుపత్రి నడిపెను. అచటికి వచ్చినవారు మనుష్యులనిన ఇష్టములేక దూరమైనవారు కారు. ఊరు వారికి దూరమైనది. నేడు ఆ రోగము మందులతో పూర్తిగా నయమగుచున్నది. అయినను మందు దేహమును బాగుచేసినంత తొందరగా ఊరి చూపును బాగుచేయలేదు.

ఇప్పుడు ఒక్కసారి లెక్క చూచుకొందము. కోరి పోయి, ఊరితో బాట నిలుపుకొన్నవారు ఒక తీరు. దుఃఖముచేతనో, భయముచేతనో లోలోపల ముడుచుకొన్నవారు ఒక తీరు. ఆచారముచేత కట్టివేయబడినవారు ఒక తీరు. రోగముచేత నెట్టబడినవారు ఒక తీరు. ఒకే మనిషి ఒక తీరునుండి మరియొక తీరునకు మారుటయు కలదు. బావరి కథ చెప్పినది అదియే. అందరికిని మూసిన తలుపు ఒక్కటే గుర్తు. ఆ గుర్తునుబట్టి లోపలివానిని ఎరుగుట సాధ్యము కాదు.

ఈ పాఠమును ఒక ఆధునికదేశము ఎంత వెల పెట్టి నేర్చుకొనినదో తెలియవలెనన్న జపాను వైపు చూడవలెను. అచట హికికొమోరి యను మాట కలదు. వెనుకకు లాగుకొనుట, లోపల ముడుచుకొనియుండుట అని దాని యర్థము. సైతో తమాకి యను మనోవైద్యుడు 1998లో ఈ విషయమై వ్రాసిన గ్రంథముతో ఆ మాట ఇంటింట వ్యాపించెను. ఆరు నెలలకు మించి ఇంటిలోనే యుండి, బడికి గాని పనికి గాని పోక, సంఘములో పాలుగొననివారిని ఆయన ఆ పేర పిలిచెను. ముప్పదియేండ్ల ప్రాయము రాకమునుపే ఇది మొదలగుననియు, వేరొక మానసికరోగము దీనికి మూలకారణము కాదనియు ఆయన హద్దులు గీసెను. వైద్యునికి అట్టి హద్దులు అవసరమే. కాని లోకము ఆ హద్దులను ముఖచిత్రముగా మార్చుకొనెను. హికికొమోరి యనగానే గదిలో రాత్రి పగలు ఆటయంత్రముముందు కూర్చుండు యువకుడు, తల్లి తలుపువద్ద పెట్టిన పళ్లెము, గారాబముచేత చెడిన కుమారుడు అను బొమ్మ అందరి మనస్సులలో నిలిచిపోయెను.

తరువాత ఆ బొమ్మకు భయము తోడయ్యెను. 2000వ సంవత్సరము మే నెలలో 17 ఏండ్ల బాలుడొకడు కత్తితో బస్సును చెరపట్టగా ఒక ప్రయాణికురాలు మరణించెను. అతడు కొంతకాలముగా ఇంటిలో ముడుచుకొనియున్నవాడని పత్రికలు వ్రాసెను. అంతటితో తలుపు మూసికొన్న ప్రతివాడును కత్తి దాచుకొన్నవాడుగా కనబడసాగెను.

లెక్కలు తీసినపుడు ఆ బొమ్మ నిలువలేదు. 2010లో జపాను ప్రభుత్వము 15 మొదలు 39 ఏండ్లవారిని గూర్చి చేసిన అంచనాలో ఇట్టివారు సుమారు 6,96,000 మంది తేలిరి. వీరిలో సుమారు 4,60,000 మంది తమకు ఇష్టమైన వ్యాపకము కొరకు ఇల్లు వదలి వెలుపలికి పోవుచునే యుండిరి. మిగిలినవారిలోను పెక్కుమంది చెంతనున్న అంగడివరకు పోయి వచ్చువారే. గది దాటనివారు, అనగా ఆ ప్రసిద్ధమైన బొమ్మకు సరిపోవువారు, చాల స్వల్పము.

మరియు, ఆ లెక్కలు 39 ఏండ్లకే ఆగినవి. వల కన్నులు ఎంత పెద్దవో చేపలు అంత పెద్దవే చిక్కును. చిన్నవి లేవని చెప్పుటకు వీలులేదు. 2019 మార్చిలో ప్రభుత్వము మొదటిసారి 40 మొదలు 64 ఏండ్లవారి లెక్క ప్రకటించెను. అది 6,13,000. అనగా ‘యువకుల జాడ్యము’ అని పేరు పెట్టి పెంచిన సమస్యలో నడివయస్సువారే యింతమంది యుండిరి. ఎనుబది యేండ్ల తల్లిదండ్రులు ఏబది యేండ్ల బిడ్డను పోషించుచుండుటను జపానువారు ‘ఎనుబది-ఏబది సమస్య’ యని పిలుచుచున్నారు. 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము 15 మొదలు 64 ఏండ్లవారిలో ఇట్టివారు సుమారు 14,60,000 మంది, అనగా నూటికి ఇద్దరు. ఆ లెక్కలోనే 40 ఏండ్లు దాటినవారిలో సగమునకు మించి స్త్రీలని తేలెను. మునుపటి లెక్కలలో గృహిణి యని వ్రాసికొన్న స్త్రీని పక్కకు పెట్టెడివారు. ఇంటిలోనుండుట స్త్రీకి సహజమే గదాయని తలచుటచేత, ఆమె ఎవరితోను మాటలాడక ఎన్ని నెలలు గడచినను ఎవరికిని పట్టలేదు. కారణములును పలువిధములు: ఉద్యోగము పోవుట, రోగము, బడిలో పడిన అవమానము, ముదుసలి తల్లిదండ్రుల సేవ. కరోనా అంటురోగకాలమున మొదలైనదని చెప్పినవారు ఐదుగురిలో ఒకరు.

పేరు పెట్టుటవలన కలుగు ఆపద ఎంతవరకు పోవునో 2019 మే, జూన్ నెలలలో ఆ దేశము చూచెను. మే 28న కవాసాకి నగరమున బహుకాలము ఏకాంతముగా నున్న 51 ఏండ్ల పురుషుడొకడు బడిపిల్లలమీద కత్తితో పడి, ఇద్దరిని చంపి, తానును చచ్చెను. కొలది దినములకే, జూన్ 1న, ప్రభుత్వములో ఉన్నతపదవి నిర్వహించి విరమించిన ఒక వృద్ధుడు ఇంటిలోనున్న తన 44 ఏండ్ల కుమారుని చంపెను. కుమారుడు తన్ను కొట్టుచుండెననియు, కవాసాకిలో వలె పరులకు హాని చేయునేమోయని భయపడితిననియు ఆ తండ్రి పోలీసులకు చెప్పినట్లు పత్రికలు ప్రకటించినవి. ఆ ఇంటిలో నిజమైన కష్టమే యుండెను. కాని ఆ కష్టమును చెప్పుకొనుటకు ఆ తండ్రికి ఒక ద్వారము దొరకలేదు. కుమారునిలో అతనికి కవాసాకివాని ముఖమే కనబడెను. పేరునకు పదునుండునని మనకును తెలియును. మన జగిత్యాల ప్రాంతముననే 2020లోను, 2022లోను మంత్రగాండ్రన్న అనుమానముచేత మనుష్యులు చంపబడిరి.

అదే జపానులో ఒక చిన్న ఊరు వేరొక మార్గము పట్టెను. ఉత్తరభాగమున అకిత సీమలో, కొండల పాదమున, ఫుజిసాతొ యను పట్టణము కలదు. ఆనాటి జనసంఖ్య సుమారు నాలుగు వేలు, మన పెద్దగ్రామములంత. అచటి సంఘసంక్షేమమండలివారు ముసలివారిని చూచుటకు ఇండ్లకు పోవుచు, ఆ ఇండ్లలో పనిలేక లోపలనే యుండు నడివయస్సువారు కూడ నుండుటను గమనించిరి. ఇల్లిల్లు తిరిగి విచారింపగా, 18 మొదలు 55 ఏండ్లలోపు వారు 113 మంది తేలిరి. అంత చిన్న ఊరిలో అంతమంది యుందురని ఎవరును ఊహింపలేదు.

మొదట వారిని వెలుపలికి రప్పించుటకు వినోదములు, ఆటలు ఏర్పాటు చేసిరి. ఎవరును లెక్కపెట్టదగినంతమంది రాలేదు. తరువాత వృద్ధులకు ఇంటిలో సేవచేయు పనిలో శిక్షణ ఇత్తుమని కాగితము పంచిరి. దానికి వచ్చిరి. అప్పుడు సంగతి తెలిసెను: వారికి కావలసినది కాలక్షేపము కాదు, జాలి కాదు; చేయుటకు ఒక పని, నలుగురిలో నిలుచుటకు ఒక కారణము. 2010లో అందుకొరకు ఒక కేంద్రము తెరచిరి. అందు భోజనశాల నడిపిరి. అచ్చటి పిండితో చేతులారా తీగెలుగా కోసిన వంటకమును చేసి అమ్మిరి. సోమరులని పేరుపడినవారిలో పెక్కుమంది మెల్లమెల్లగా పనులలో కుదురుకొనిరి. రానివారిని బలవంతపెట్టలేదు, వారి యిండ్లకు కాగితములు పంపుట మాత్రము మానలేదు. మన జినవల్లభుడు కొండక్రింద చెరువు త్రవ్వించినాడే, ఆ తీరున ఈ ఊరు ఒక బాట వేసెను. నడచుట వారి వంతునకు విడిచెను.

ఇక మన యిండ్లకు వత్తము. మన జిల్లాలోని కోరుట్ల ప్రాంతమునను, సిరిసిల్ల ప్రాంతమునను, పని కొరకు దుబాయి, మస్కటు మొదలగు దేశములకు పోవుట తరతరముల సంగతి అయినది. అప్పు చేసి పోయినవాడు అప్పు తీరకయే తిరిగివచ్చినపుడు, అతనికి ఊరి అరుగు కంటె ఎక్కువ భయంకరమైన చోటు ఉండదు. ‘ఎంత సంపాదించితివి?’ అను ప్రశ్న ఎదురగునని వాకిలి దాటడు. మరమగ్గము ఆగినపుడు నేతపనివాడు, పరీక్ష తప్పినపుడు బాలుడు, భర్త దూరదేశముననుండగా పలుకరించువారు లేక బీడీలచాటతో మూల కూర్చుండు కోడలు, బిడ్డలు పట్నము చేరిన తరువాత ముసలితండ్రి, వీరందరి తలుపులు ఒకే తీరున మూయబడియుండును. ఒకనికి సిగ్గు, ఒకనికి దుఃఖము, ఒకనికి రోగము. మరియొకనికి ఏమియు లేదు. ఆతడు పుట్టుకతో మితభాషి, తన పొలము, తన పశువులు చాలునని తృప్తిగా నున్నవాడు. ఈ కడపటివానిని అతనిమానాన విడుచుటయే మర్యాద. ముందటివారిని అట్లు విడుచుట మాత్రము పాపము.

ఎవరు ఏ తీరువారో తెలియుటెట్లు? అడిగినగాని తెలియదు. అడుగుటకును పద్ధతి కలదు. పదిమంది కలిసి పోయిన అది పంచాయితీ యగును. వయస్సు చెల్లిన పెద్ద ఒకడు ఒంటరిగా పోయిన అది పలుకరింపగును. మొదటిదినముననే అప్పు, పెండ్లి, ఉద్యోగము అను మాటలెత్తక, వానను గూర్చియో, పశువును గూర్చియో మాటలాడి రావలెను. ఒకనాడు పోయి మానరాదు. వారమునకొకసారి అదే వేళకు పోవలెను. తలుపు తెరువనిచో కినుక వహింపరాదు. పిమ్మట పని చెప్పవలెను. ‘బయటికి రమ్ము’ అనుటకంటె ‘ఈ లెక్క చూచిపెట్టుము’, ‘ఈ మోటారు ఎందులకు తిరుగుటలేదో చూడుము’ అనుట మేలు. సాయము అడిగించుకొన్నవాడు తాను పనికిరానివాడను తలపును ఆ కొంతసేపైనను మరచును.

అన్నము మానుట, నిద్ర లేకుండుట, తనలోతాను మాటలాడుట, చచ్చిపోవుదునని పలుకుట కనబడినచో అది వైద్యుని పని, ఆలస్యము చేయరాదు. మన కొండగట్టు అంజన్న సన్నిధికి మనస్సు చెదిరినవారిని తీసికొనిపోయి కొన్ని దినములుంచు ఆచారము ఈ ప్రాంతమున బహుకాలముగా నున్నది. అందు ఒక మంచి యున్నది: రోగిని ఒంటరిగా పంపక ఇంటివారు వెంటనుందురు. ఆ భక్తికి ఎవరును అడ్డుచెప్పనక్కరలేదు. దేవునికి మ్రొక్కిన చేతనే వైద్యుని మందును కూడ ఇప్పింపవలెను. 2022 అక్టోబరులో భారతప్రభుత్వము టెలిమానస్ అను పేర ఒక ఉచిత టెలిఫోను సహాయము నెలకొల్పినది. దాని సంఖ్య 14416. రాత్రి పగలనక, తెలుగులోనే, మనస్సులోని బాధ చెప్పుకొనవచ్చును. బాధపడువాడే గాక, వానిని గూర్చి దిగులుపడు తల్లిదండ్రులును మాటలాడవచ్చును. ఈ సంఖ్యను గ్రామపంచాయితీ గోడమీద వ్రాయించుట ఖర్చులేని పుణ్యము.

పెద్దలారా, మన పూర్వులు కొండమీద మునికి అన్నము పంపిరి. అదే పూర్వులు మూల కూర్చున్న బాలవితంతువునకు ఒక పండుగపూట పిలుపు పంపలేదు. రెండును మన చరిత్రయే. వేరుపడినవారు అన్నికాలములలోను ఉందురు. వారి తలుపునకు ఊరినుండి బాట యున్నదా లేదా యనునదే కాలమునకు కాలమునకు గల భేదము. బాట నడువనిచో గడ్డి మొలచును. మీ వీధిలో కొన్ని నెలలుగా కనబడని ముఖము ఎవరిదో ఈ రాత్రి ఒకసారి తలచుకొనుడు. రేపు ఉదయము అటువైపు నడువుడు.